పునీతుల చరిత్రల్లో నిజమెంత? ఎవరి రాతలతో మొదలుపెట్టాలి?

నన్నడిగితే సిరిల్‌తో మొదలుపెట్టండి. ఆరో శతాబ్దపు పాలస్తీనా సన్యాసి, ఊరు స్కితోపొలిస్. బైబిల్లో సౌలు రాజు శవాన్ని గోడకు తగిలించిన బేత్షాను ఉందే, అదే.

నేను ఈయన దగ్గరికి భక్తితో రాలేదు, అవసరమై వచ్చాను. మా తాతగారు పల్లెల్లో ఉపదేశి. ఆయన గురించి నాలుగు పేజీలు రాద్దామని ముసలివాళ్లని అడిగి అడిగి రెండు నోటుబుక్కులు నింపాను. తీరా కూర్చుంటే మొదటి వాక్యమే రాదు! అప్పుడే ఇంగ్లీషు అనువాదంలో సిరిల్ దొరికాడు. ఆయనదీ ఇదే అవస్థ. యుథిమియస్, సాబాస్ అనే ఇద్దరు గురువుల గురించి విన్నవన్నీ పోగేసుకుని, ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక కూర్చున్నాడు. ఓ రోజు ఆ కాగితాలు చేతిలో పట్టుకునే కునుకు తీస్తే ఇద్దరూ కల్లోకి వచ్చారట. యుథిమియస్ చిన్న వెండి బుడ్డి తీసి, పుల్లతో మూడుసార్లు నోట్లో నూనెలాంటిదేదో వేశాడట. తేనె కూడా దాని ముందు దిగదుడుపే అంటాడు. ఆ తీపి నోట్లో ఉండగానే ముందుమాట మొదలెట్టాడు.

కల సంగతి మీ ఇష్టం. నాకు గురి కుదిరింది మాత్రం వేరే చోట. ఏ సంగతి ఎవరు చెప్పారో సిరిల్ చెబుతాడు. యుథిమియస్ 473లోనే పోయాడు, అప్పటికి సిరిల్ పుట్టనే లేదు. అందుకని ఆయన్ని చూసిన సిరియాకస్ లాంటి వృద్ధుల్ని వెతుక్కుంటూ వెళ్లాడు (సిరియాకస్ 107 ఏళ్లు బతికాడు!). సాబాస్ 532 డిసెంబరు 5న కన్నుమూశాడని తేదీ వేసి, దాన్నే రకరకాల కాలమానాల్లో లెక్కగట్టి మరీ చూపిస్తాడు.

ఒక్కచోట జాగ్రత్త. ఓరిజెన్ (మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు, ఆయన బోధల మీద అప్పట్లో పెద్ద గొడవ) పక్షం సన్యాసుల విషయంలో సిరిల్ తీర్పరి కాదు, కక్షిదారు. 555లో వాళ్లని ‘కొత్త మఠం’ అనే చోటు నుంచి వెళ్లగొట్టాక అక్కడికి పంపిన 120 మందిలో తనూ ఉన్నాడు. పాత రచయితల వాక్యాలు కొన్ని ఎత్తి పెట్టుకున్నాడు కూడా, ఆ రోజుల్లో అది తప్పు కాదులెండి.

ముందు సాబాస్ చరిత్ర చదవండి. 483లో ఆయన కట్టిన మఠం బెత్లెహేముకు తూర్పున, కిద్రోను లోయ అంచున ఇప్పటికీ ఉంది, సన్యాసులూ ఉన్నారు. ఆడవాళ్లని మాత్రం లోపలికి రానివ్వరు.

ఇక మా తాతగారి కథంటారా, సిరిల్‌ని చూసి ప్రతి సంగతి పక్కనా ఎవరు చెప్పారో రాసుకుంటూ వచ్చాను. అందులో సగం మా పెద్దమ్మ ఒక్కతే చెప్పిందని అప్పుడు తెలిసింది. మళ్లీ ఊరెళ్లాలి.