వేసవి గణిత శిబిరం: నెల రోజుల హాస్టల్, నోట్సు, ఆవకాయ

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఎంటీటీఎస్ వేసవి శిబిరానికి ఎంపికయ్యాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. అక్కడ పాఠం చెప్పే బదులు ప్రశ్నలే అడుగుతారని సీనియర్లు అంటున్నారు. నోరు పెగలకపోతే ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, విజయనగరం జిల్లా

జవాబు: అభినందనలమ్మా. తెలియని పాఠకుల కోసం ఒక మాట: ఎంటీటీఎస్ అంటే ‘మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్’, నాలుగు వారాల గణిత శిక్షణ. తర్వాతి కాలంలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పనిచేసిన ప్రొఫెసర్ ఎస్. కుమరేశన్ 1993లో దీన్ని మొదలుపెట్టారు.

మీ సీనియర్లు చెప్పింది నిజమే. అక్కడ నిర్వచనం బోర్డు మీద రాసి వదిలేయరు. ‘1, 1/2, 1/3, 1/4... సున్నాకి చేరువవుతోంది అంటే ఏమిటి?’ అని అడుగుతారు. ‘దగ్గరవుతూ పోతుంది’ అంటే చాలదు. సున్నాకి 1/100 కంటే దగ్గరగా ఉండాలంటే ఎన్నో పదం నుంచి? 101వ పదం నుంచి. 1/1000 అయితే? 1001 నుంచి. అలా ఎంత చిన్న దూరం అడిగినా జవాబు ఇవ్వగలగడమే లిమిట్ అని మీ నోటితోనే చెప్పిస్తారు. పరీక్ష కోసం బట్టీపట్టిన నిర్వచనం ఇక్కడ రెండో ప్రశ్నకే తడబడుతుంది. తప్పు చెప్పినా ఫరవాలేదు, ఆ తప్పు మీదనే పాఠం ముందుకు సాగుతుంది.

రోజూ సాయంత్రం, భోజనానికి ముందే, ఒక అరగంట ఇలా చేయండి. నోట్సు మూసి ఆ రోజు నిర్వచనాలు తెల్లకాగితం మీద రాయండి. ఒక్కొక్కదానికి సరిపోయే ఉదాహరణలు రెండు, సరిపోనిది ఒకటి వెతకండి. తర్వాత ఆ నిర్వచనానికి వ్యతిరేకం రాయండి. -1, 1, -1, 1... అనే సీక్వెన్స్‌కి లిమిట్ 1 కాదని ఎలా చూపుతారు? దూరం 1 అనుకోండి. ఎంత ముందుకు వెళ్లినా 1 నుంచి 2 దూరంలో ఉన్న -1 ఎదురవుతూనే ఉంటుంది.

తెలుగులో ఆలోచించేవాళ్లు ఒక మాట దగ్గర జాగ్రత్తపడాలి: ‘ఏదైనా’. లిమిట్ నిర్వచనంలో ఆ చిన్న దూరాన్ని ఎప్సిలాన్ అంటారు. ‘ఏదైనా ఎప్సిలాన్ తీసుకుంటే’ అన్నప్పుడు ప్రతి ఎప్సిలాన్‌కీ అనా, ఒకానొక ఎప్సిలాన్‌కి అనా? ఇంగ్లిష్ ‘ఎనీ’లోనూ ఇదే చిక్కు. మీ నోట్సులో ‘ఏదైనా’ కొట్టేసి ‘ప్రతి’ అనో ‘ఒకానొక’ అనో రాయండి. రుజువుల్లో సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

ఇంగ్లిష్ గురించి బెంగ వద్దు. ‘ఐ డోంట్ ఫాలో దిస్ స్టెప్’, ‘వై డూ వీ నీడ్ దిస్ కండిషన్’ అనే రెండు వాక్యాలతో మొదటి వారం గడిచిపోతుంది. ‘అర్థం కాలేదు సర్’ అని ఆగిపోకండి, ఏ లైను దగ్గర ఆగిపోయారో వేలు పెట్టి చూపండి.

ప్రశ్న: మా అబ్బాయి అలాంటి శిబిరానికే ఉత్తరాదికి వెళ్తున్నాడు. తిండి, బట్టల సంగతి చెప్పండి. కొత్తావకాయ పంపవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కొత్తావకాయ కలిపిన వెంటనే పంపకండమ్మా. మూడో రోజు తిరగకలిపి, నూనె పైకి తేలాకే సీసాకెత్తాలి. ముందే కడితే ముక్క ఊరుతూ నూనె పైకి పొంగి సంచిలోని బట్టలన్నీ పాడవుతాయి. నూనె తక్కువైతే బూజు పడుతుంది. అంత వ్యవధి లేకపోతే మర మూత సీసాలో పావు కిలో కందిపొడి, చిన్న డబ్బాలో నెయ్యి చాలు. తడి చెంచా పెట్టవద్దని గట్టిగా చెప్పండి.

మెస్సులో చపాతీ, రాజ్మా ఎక్కువ ఉంటాయి. మొదటి రెండు రోజులు సగం కడుపుకే తిని, పెరుగు దొరికితే వదలకూడదు. నూలు బట్టలు ఆరు జతలు, రెండు తువ్వాళ్లు, ఒక పలచటి దుప్పటి, తాళం, లీటరు నీళ్ల సీసా, ఓఆర్ఎస్ పొట్లాలు ఆరు. బట్టలు మూడు రోజులకోసారి ఉతుక్కోవాలి. ఆదివారానికి కుప్ప పెడితే ఆ రోజు బకెట్ల కోసమూ, ఆరేసే తాడు కోసమూ హాస్టల్ అంతా ఎగబడుతుంది. బైండు నోటుబుక్కుల కంటే విడి ఏ4 కాగితాలు 300, నాలుగు ఫైళ్లు నయం. తప్పిన రుజువు తీసి, సరిదిద్దింది అక్కడే పెట్టుకోవచ్చు.

రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు. ఎంపిక లేఖ ఆలస్యమైతే తత్కాలే దిక్కు. ప్రయాణానికి ముందు రోజు ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కి 11కి. టికెట్లు పారేయవద్దు, ఖర్చు తిరిగి ఇచ్చేచోట అడుగుతారు.

ప్రశ్న: శిబిరం మొదలై వారమైంది. రాత్రి రెండింటిదాకా కూర్చున్నా హోంవర్కు తెమలడం లేదు. వెళ్లిపోదామనిపిస్తోంది.
– ఒక విద్యార్థి

జవాబు: రెండింటిదాకా కూర్చోవడమే కారణం కావచ్చు. మర్నాడు ఉదయం తరగతిలో కునుకు తీస్తే ఆ పాఠం పోతుంది, దాని హోంవర్కు మరింత కష్టమవుతుంది, మళ్లీ జాగరణ. పదకొండున్నరకు పడుకోండి. ఇచ్చినవన్నీ చేయాలనుకోకండి. సబ్జెక్టుకి రెండు లెక్కలు ఎంచుకుని, ఒక్కొక్కదానితో ముప్పావుగంట ఒంటరిగా కుస్తీ పట్టండి. అప్పటికీ తెగకపోతే పక్కగది మిత్రుడి దగ్గరికి వెళ్లండి. అతని కాగితం చూసి ఎక్కించుకోవద్దు, ఎక్కడ ఆగారో చెప్పి ఒక్క సూచన అడగండి. ఫోనులో జవాబు వెతికి రాస్తే మర్నాడు బోర్డు దగ్గర ‘ఈ లైను ఎందుకు?’ అన్న ప్రశ్నకే దొరికిపోతారు. ఈ రాత్రి ఇంటికి ఫోను చేయండి, అయితే భోజనం అయ్యాక, పది నిమిషాలే.