గోండి కథకు ప్రతిపదార్థం రాసేటప్పుడు ‘అట’లు తీసేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పన్నెండు నిమిషాల గోండి కథ రికార్డు చేశారు, మూలం రాసుకున్నారు, తెలుగు అనువాదం కూడా అయింది. ఇప్పుడు పదం కింద పదానికి గ్లాసు, అంటే ఒక్కో ముక్కకూ అర్థం, పెడుతున్నారు. వాక్యం వాక్యానికీ వచ్చే ‘అట’, ‘ఇంక’, ‘అప్పుడు’ లాంటి చిన్న మాటలు చదివేవాళ్ళకు అడ్డం వస్తున్నాయి, వాటిని తీసేయొచ్చా అని అడుగుతున్నారు.

వద్దండి. అనువాదంలో కావాలంటే సగం తగ్గించండి. మూలంలో, గ్లాసులో మాత్రం ఒక్కటి కూడా పోకూడదు.

‘అట’ అన్నది చెప్పేవాళ్ళు తాము చూసింది కాదు, విన్నది చెబుతున్నామని పెట్టే గుర్తు. కథలో ఉన్నంతసేపు అది వెంట నడుస్తుంది. మధ్యలో ఆగి “ఆ గుట్ట ఇప్పటికీ ఉంది” అన్నారనుకోండి, అక్కడ ‘అట’ ఉండదు. ఎందుకంటే అది కథ కాదు, కళ్ళెదుట ఉన్న సంగతి. అన్నీ తీసేస్తే కథ ఎక్కడ ఆగిందో, చెప్పేవాళ్ళు ఎక్కడ మీతో మాట్లాడారో తెలియదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల క్వెచువా వాళ్ళ కథలూ ఇలాగే మొదలవుతాయి: ‘హుక్ కుతిస్ హుక్ అతుక్ కస్ఖ’, ‘ఒకసారి ఒక నక్క ఉండేదట’ అని. ‘కుతి’ అంటే సారి. దాని చివరి ‘స్’ మన ‘అట’ చేసే పనే చేస్తుంది, కాకపోతే మనలా క్రియ వెనక కాకుండా ఇక్కడ వాక్యం మొదట్లోనే వచ్చింది. క్రియ చివరి ‘స్ఖ’ కూడా స్వయంగా చూడని గతానికి వాడేదే.

‘అప్పుడు’, ‘ఇంక’ల సంగతి ఇంకా పెద్దది. అమెరికాలో కొలంబియా నది ముఖద్వారం దగ్గరి చినూక్, కాత్లమెట్ కథలను చార్లెస్ కల్టీ చెబుతుంటే మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ రాసుకుని 1894లోనూ 1901లోనూ అచ్చువేశారు, మాట కింద మాటకు అర్థంతో సహా. చూడ్డానికి మామూలు వచనం పేరాలు. దశాబ్దాల తర్వాత భాషా పరిశోధకుడు డెల్ హైమ్స్ ఆ పేజీలనే తీసుకుని, వాక్యాల మొదట్లో వచ్చే ‘అప్పుడు’ లాంటి మాటల దగ్గర విరిచి చూస్తే పాదాలు, చరణాలు బయటపడ్డాయి. అది వచనం కాదు, లెక్క ఉన్న కట్టుబడి. బోయాస్ ఆ మాటలను విసుగని తీసేసి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఇక గ్లాసు పని. బడిలో పద్యానికి రాసిన ప్రతిపదార్థం అలవాటును ఒక్క విషయంలో వదులుకోవాలి. అక్కడ అన్వయం కోసం పదాలను ముందుకూ వెనక్కూ జరుపుతాం, ఇక్కడ జరపకూడదు. లైప్‌జిగ్ నియమాలు (గ్లాసు రాయడానికి భాషాశాస్త్రవేత్తలు వాడే పద్ధతి) మొత్తం పదే, రోజూ అక్కరకొచ్చేవి నాలుగైదు. పై వరుసలో ఎన్ని అడ్డగీతలుంటే కింద అన్నే ఉండాలి. ‘అట’ లాంటి అతుకు మాటకు అడ్డగీత కాదు, సమానం గుర్తు. ఒక్క ప్రత్యయం రెండు మూడు అర్థాలు మోస్తే వాటి మధ్య చుక్క. తెలుగు వాక్యంతోనే చూపిస్తాను (‘3’ అంటే ‘అతను, ఆమె, అది’ వరుస, ‘ఏక’ ఏకవచనం, ‘భూత’ జరిగిపోయిన కాలం, ‘అమహత్’ జంతువులూ వస్తువుల వర్గం):

పులి నక్కను చూసిందట.
పులి | నక్క-ను | చూస్-ఇన్-ది=అట
పులి | నక్క-ద్వితీయ | చూడు-భూత-3.ఏక.అమహత్=వినికిడి
‘పులి నక్కను చూసిందట.’

మొదటి చిక్కు ఇక్కడే కనిపిస్తుంది. మన లిపి అక్షరాల లిపి, ప్రత్యయం సరిహద్దేమో అక్షరం మధ్యలో పడుతుంది. ‘చూసిందట’ను తెలుగు లిపిలో కోస్తే పొల్లులు పెట్టుకుంటూ పోవాలి, సంధిలో పోయిన ‘ఇ’ని మళ్ళీ తేవాలి. అందుకని విన్నది విన్నట్టు రాసే వరుసను తెలుగులో ఉంచి, విడదీసిన వరుసను గుర్తులున్న రోమన్ లిపిలో వేరుగా పెట్టుకోవడం మేలు. ఆ రెండూ ఒకే వరుసలో కలిపితే, పలికింది ఏది, మీరు విడదీసింది ఏది అన్నది తర్వాత మీకే తెలియదు.

రెండో చిక్కు గోండిలో, మరో ద్రావిడ భాష కొలామీలో తెలుగువాళ్ళను తప్పకుండా ముంచేది. ఏకవచనంలో మనకు ఇబ్బంది లేదు. ఆడమనిషికీ పులికీ మనమూ ‘చూసింది’ అనే అంటాం. బహువచనంలో మనం విడిపోయాం: ఆడవాళ్ళు చూశారు, పులులు చూశాయి. గోండిలో, కొలామీలో ఆడవాళ్ళు బహువచనంలోనూ అమహత్తుల వైపే ఉంటారు. ఆ ప్రత్యయం కింద ‘అవి’ అని రాస్తే చదివేవాళ్ళు జంతువులనుకుంటారు, ‘వాళ్ళు’ అని రాస్తే భాషలో ఉన్న తేడా మాయమవుతుంది. ‘స్త్రీలింగం’ అన్నా తప్పే. ‘3.బహు.అమహత్’ అని పెట్టి, ఆడవాళ్ళన్న సంగతి కింది అనువాదంలో రాయండి. మన వ్యాకరణం మహత్, అమహత్ అన్న మాటలు ఎప్పుడో ఇచ్చింది, ఇంగ్లీషు సంక్షిప్తాల కంటే ఇక్కడ ఇవే సూటిగా ఉంటాయి.

నిమిషం కథకు గ్లాసుకే గంట పైన పెట్టుకోండి. మొదటి రెండు నిమిషాలు పూర్తిచేసి ఆగి, ఒకే ప్రత్యయానికి రెండు చోట్ల రెండు పేర్లు పెట్టారేమో చూసుకోండి. ఇది పన్నెండో నిమిషంలో తెలిస్తే వెనక్కి వెళ్ళి దిద్దడం నరకం. రికార్డింగును, ధ్వని పక్కనే రాత రాసుకునే సాఫ్ట్‌వేర్ ఎలాన్‌లో ముక్కలు చేసేటప్పుడు వాక్యం దగ్గర కాదు, ఊపిరి తీసుకున్న చోట కోయండి. ఆ ముక్కలను ఫ్లెక్స్‌టెక్స్ట్ ఫైలుగా, మాటలను విడదీసి గ్లాసు పెట్టే సాఫ్ట్‌వేర్ ఫ్లెక్స్‌లోకి తీసుకెళ్తే, ఒకసారి విడదీసిన మాటకు తర్వాతి చోట్ల అదే విభజన చూపిస్తుంది. చూపించిందల్లా ఒప్పేసుకోకండి, రూపం ఒకటై అర్థం వేరైన ప్రత్యయాల దగ్గర తప్పులన్నీ అలాగే దూరతాయి.

మీ కథ గోండుల గాయకులైన పర్ధాన్లు పాడే గాథల్లోదైతే, అచ్చుకిచ్చే ముందు చెప్పినవాళ్ళతో పాటు వాళ్ళు ఎవరి ఇంటి కోసం పాడతారో ఆ కుటుంబాన్నీ అడగండి.

పేజీ మీద వరుసలను స్పేసులతో సర్దకండి. తెలుగు ఫాంట్లలో అక్షరాల వెడల్పు ఒకటి కాదు, మీ కంప్యూటర్లో కుదిరింది ఇంకో చోట చెదిరిపోతుంది. గీతలు కనబడని పట్టిక వేసి, ఒక్కో గడిలో ఒక్కో పదం పెట్టండి. వరుస పొడవైతే పట్టికను విరిచి కింద ఇంకోటి మొదలుపెట్టండి, మూలం ఒక పేజీలో, గ్లాసు మరో పేజీలో పడకుండా.