బిల్లింగ్ మెషిన్ మెయిల్స్ మాత్రమే చేరట్లేదా, కవరు మీద పేరు చూడు

తమ్ముడూ, నువ్వు రాసిందాంట్లో ఉండేది ఒక సమస్య కాదు, రెండు. గేట్‌వే, అంటే ఆఫీసుకీ ఇంటర్నెట్‌కీ మధ్య మెయిల్ దాటించే సర్వర్, పెట్టినాక మనుషులు పంపే మెయిల్స్ బాగానే పోతా ఉన్నాయి గానీ బిల్లింగ్ మెషిన్ నుంచి పోయేవి కొందరికి చేరట్లేదు, అదొకటి. కొత్తగా చేరిన ఇద్దరికి బయటోళ్లు పంపితే 550 5.1.1, అంటే అట్టాంటి అడ్రస్ లేదు, అని తిరిగిపోతా ఉంది, లోపల్లోపల పంపుకుంటే వస్తా ఉంది, అది ఇంకోటి. రెండోది చిన్న పని, చివర్లో చెప్తా. మొదటిదాంతో నేనూ తన్నులు తిన్నా.

అప్పుడు ఒంగోల్లో ఒక గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో సిస్టమ్స్ చూస్తా ఉన్నా. చీమకుర్తి గ్యాలక్సీ రాయి బయటి దేశాలకు పోయేది, ఇన్వాయిస్సు, ప్యాకింగ్ లిస్టు అన్నీ బిల్లింగ్ సాఫ్ట్‌వేరే మెయిల్ చేసేది. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో గేట్‌వే నేనే పెట్టా, లోపలి మెషిన్లన్నీ దానికే పంపేటట్టు చేశా, టెస్ట్ మెయిల్ నా జీమెయిల్‌కి వచ్చింది, అయిపోయిందిలే అనుకోని ఇంటికి పోయా. వారం తర్వాత బయ్యర్ ఫోను, కంటైనర్ బయల్దేరింది పేపర్లు ఏవీ అని. ఓనరు నా మీద ఎట్ట అరిచాడో చెప్పను.

విషయం ఏందంటే, మెయిల్‌కి పంపినోడి అడ్రస్ రెండు చోట్ల ఉంటది. శుభలేఖ అనుకో, లోపల కార్డు మీద పేర్లు అచ్చేసి ఉంటాయి, కవరు మీద విడిగా రాస్తాం, పోస్ట్‌మ్యాన్ చూసేది కవరే, కార్డు తెరిచి చదవడు. మెయిల్ తెరిస్తే కనిపించే ఫ్రమ్ అనేది కార్డు, సర్వర్లు ఒకదానికొకటి చెప్పుకునే మెయిల్ ఫ్రమ్, ఆర్‌సీపీటీ టూ అనేవి కవరు. మా బిల్లింగ్ మెషిన్ కార్డు మీద కంపెనీ అడ్రస్ చక్కగా వేసింది గానీ కవరు మీద మాత్రం దాని సొంత పేరు, చివర డాట్ లోకల్ అని, వేసి పంపతా ఉంది. ఆ డొమైన్ ఇంటర్నెట్‌లో యాడా లేదు. అవతలి సర్వర్లలో కొన్ని పట్టించుకోకుండా తీసుకుంటాయి, కొన్ని 450 4.1.8 డొమైన్ నాట్ ఫౌండ్ అని ఆపేస్తాయి. నువ్వు కొందరికే పోవట్లేదు అన్నావే, అందుకే.

ఇంకో తిరకాసు ఏందంటే 450 అంటే ఇప్పుడు కాదు తర్వాత రా అని అర్థం, 550 లాగా మొహం మీద పొమ్మనడం కాదు. అందుకని పోస్ట్‌ఫిక్స్ దాన్ని క్యూలో పెట్టుకోని మళ్లీ మళ్లీ తడతా ఉంటది, మనం మార్చకపోతే 5 రోజులు. అప్పుడు గానీ బౌన్స్, అంటే చేరలేదని తిరిగొచ్చే మెయిల్, తయారు కాదు, ఆ బౌన్స్ కూడా కవరు మీద ఉన్న డాట్ లోకల్ అడ్రస్‌కే పోవాల, అది లేనే లేదు కదా, యాడికి పోతది. ఎవరికీ తెలీకుండానే పోయింది అదీ.

కాబట్టి మెయిల్ తెరిచి ఫ్రమ్ చూస్తా కూర్చోబాక, ఉపయోగం లేదు. గేట్‌వే మెయిల్ లాగ్‌లో ఆ మెయిల్ క్యూ ఐడీ, అంటే పోస్ట్‌ఫిక్స్ దానికి ఇచ్చిన గుర్తు, పట్టుకోని ఫ్రమ్ ఈక్వల్ టూ పక్కన ఏముందో చూడు, తర్వాత డిఫర్డ్, అంటే వాయిదా పడింది, అన్న లైన్ చదువు. డాట్ లోకల్ కనిపిస్తే మందు పోస్ట్‌ఫిక్స్‌లో ఎస్‌ఎంటీపీ జెనెరిక్ మ్యాప్స్ అనే అడ్రస్‌లు మార్చే పట్టిక, లోపలి అడ్రస్‌కి ఎదురుగా బయటి అడ్రస్ రాస్తే గేట్‌వే దాటేటప్పుడు కవరూ కార్డూ రెండూ మారుస్తది. ఫైల్ మార్చినాక పోస్ట్‌మ్యాప్ కమాండ్, అంటే ఆ ఫైల్‌ని పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చేది, కొట్టడం మర్చిపోబాక, నేను మర్చిపోయి ఒక పూటంతా తల పట్టుకోని కూర్చున్నా.

అది సరిచేసినాక ఇంకో దెబ్బ తగిలింది నాకు. కవరు మీద అసలు డొమైన్ వచ్చేసరికి అవతలోళ్లు ఎస్‌పీఎఫ్ రికార్డు, అంటే మన డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే లిస్టు, చూడ్డం మొదలుపెట్టారు, అందులో మా గేట్‌వే ఐపీ లేదు. నువ్వు ముందే చేర్చుకో.

ఇక ఆ కొత్తోళ్లిద్దరి సంగతి. గేట్‌వేలో రిలే రెసిపియెంట్ మ్యాప్స్ అని, బయటి నుంచి ఏ అడ్రస్‌లకి మెయిల్ తీసుకోవాలో చెప్పే లిస్టు ఉంటే అందులో వాళ్ల అడ్రస్‌లు చేర్చి ఉండరు, లోపలి మెయిల్ గేట్‌వే దాకా రాదు కాబట్టి బాగానే ఉన్నట్టు కనిపిస్తది. చేర్చి మళ్లీ పోస్ట్‌మ్యాప్ కొట్టు, అంతే. విసుగొచ్చి ఆ లిస్టే ఎత్తేస్తే మాత్రం గేట్‌వే ఊరూ పేరూ లేని అడ్రస్‌లకి వచ్చిందల్లా తీసుకుంటది, లోపలి సర్వర్ వద్దంటది, అప్పుడు స్పామ్‌గాళ్లు దొంగతనంగా వాడిన ఎవరి అడ్రస్‌కో బౌన్స్‌లు పోయి మీ ఐపీ బ్లాక్‌లిస్టులో పడతది.

బయటి నుంచి టెల్నెట్ కమాండ్‌తో 25 పోర్టుకి, అంటే సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే దారికి, కొట్టి చూద్దాం అనుకుంటే ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద చేయబాక, చాలాచోట్ల ఆ పోర్టు మూసేసి ఉంటది, మీ గేట్‌వే పడిపోయిందేమో అని లేనిపోని కంగారు. డొమైన్ పేరు చెరిపేసి ఆ రెండు లాగ్ లైన్లు ఇక్కడ పెట్టు, రాత్రికి చూస్తా.