పియానో ప్లగిన్‌లో స్టీరియో సౌండ్ సహజంగా రావాలంటే ఏం చేయాలి?

అమలాపురంలో ఇంట్లోనే చర్చి పాటలు రికార్డ్ చేస్తున్నానని, హెడ్‌ఫోన్స్‌లో మంద్రం ఎడమ చెవికి, తారం కుడి చెవికి విడిపోయినట్టు వినిపిస్తోందని అడిగారు. ప్లగిన్ (కంప్యూటర్‌లో పియానో శబ్దం ఇచ్చే సాఫ్ట్‌వేర్) తప్పేం లేదండి. మీది ప్లేయర్ పర్‌స్పెక్టివ్‌లో ఉన్నట్టుంది, అంటే వాయించేవాళ్ల చెవికి వినిపించే తీరు, దాన్ని చాలా ప్లగిన్లలో కావాలనే ఇంకాస్త సాగదీసి ఇస్తారు. పాటలో గొంతు ముందుండాలి కాబట్టి ఆడియన్స్ పర్‌స్పెక్టివ్‌కి మార్చండి, అది లేకపోతే విడ్త్ (ఎడమ, కుడి శబ్దాల మధ్య ఎడం) సగం దాకా తగ్గించండి.

తర్వాత మోనోలో, అంటే ఎడమ, కుడి శబ్దాలు ఒకటిగా కలిపి వినండి, ఇది మాత్రం మానొద్దు. మన కోనసీమ ఊళ్లలో పండగలకి కట్టే మైక్ సెట్లు చాలా చోట్ల మోనోయే. ప్లగిన్ కోసం అసలు పియానోని రికార్డ్ చేసేటప్పుడు దూరదూరంగా పెట్టిన రెండు మైకుల శబ్దం మోనోలో ఒకటిగా కలిసినప్పుడు, ఫేజ్ తేడా (శబ్ద తరంగాలు ఒకదానికొకటి ముందువెనక కావడం) వల్ల కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి తినేసుకుని పియానో పీలగా అయిపోతుంది. అలా అయితే ప్లగిన్‌లో దగ్గరదగ్గరగా పెట్టిన మైకుల జత ఒక్కటే ఉంచండి.

స్టీరియో ఎంత సరిచేసినా అసలు ప్రాణం వెలాసిటీలోనే (కీని ఎంత గట్టిగా నొక్కారో చెప్పే అంకె) ఉంది. 1 నుంచి 127 దాకా మెట్లుంటే అన్ని స్వరాలూ 100 దగ్గరే పడితే ఎంత ఖరీదైన శాంపిల్ (అసలు పియానో నుంచి రికార్డ్ చేసిన శబ్దం) అయినా బొమ్మ పియానోలాగే ఉంటుంది. కార్డ్‌లో (ఒకేసారి కలిపి వాయించే స్వరాలు) పై స్వరం కాస్త గట్టిగా, లోపలివి మెత్తగా నొక్కండి, కొత్త కార్డ్ పడగానే పెడల్ వదిలి మళ్లీ తొక్కండి. రివర్బ్ (గది ప్రతిధ్వని) కొంచెం చాలు.