బ్యాటర్లు బలహీనమైతే ఆట ఓడినట్టేనా?

ఆటల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నేను దేవరకొండ దగ్గర ఒక గురుకుల పాఠశాలలో పీఈటీగా పనిచేస్తున్నాను. మా బేస్‌బాల్ జట్టులో బంతి వేసే పిచర్, బ్యాటర్ వెనుక దాన్ని పట్టే క్యాచర్ ఇద్దరూ చక్కగా ఆడతారు. కానీ తొమ్మిది మంది బ్యాటర్లలో నలుగురికి బంతి సరిగా తగలదు. త్వరలో నల్లగొండలో జిల్లా పోటీలు ఉన్నాయి. ఆ నలుగురినీ తీసేసి, బలంగా కొట్టే పిల్లలను పెట్టుకోమని తోటి ఉపాధ్యాయులు చెబుతున్నారు. అయితే ఆ పిల్లలకు బంతి పట్టడం, విసరడం అంతగా రాదు. బలహీనమైన బ్యాటర్లతో జట్టు గెలవగలదా? వారిని బ్యాటింగ్ వరుసలో ఎక్కడ నిలపాలి?
— ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ

జవాబు: గెలవగలదు. పెద్ద స్థాయిలో గెలిచిన జట్లు ఉన్నాయి, వాటి గురించి కింద రాస్తున్నాను. అయితే మీ సహోద్యోగుల ఆందోళనలో నిజం లేదని మాత్రం అనుకోకండి. మనమంతా క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి, కొట్టలేని ఆటగాడిని వరుసలో చివరికి నెట్టేస్తే అతని వంతు రాకపోవచ్చునన్న ఆలోచన మనలో సహజంగానే ఉంటుంది. పదకొండో ఆటగాడు బ్యాట్ పట్టకుండానే క్రికెట్ మ్యాచ్ ముగిసిన సందర్భాలు ఎన్నో చూశాం. బేస్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. ఔటైన బ్యాటర్ కూడా తన వంతు వచ్చినప్పుడు మళ్లీ వస్తాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఇన్నింగ్స్‌కు మూడు చొప్పున 27 ఔట్లు పూర్తయ్యేదాకా వరుస అలా తిరుగుతూనే ఉంటుంది. ఒక పూర్తి ఆటలో మొదటి బ్యాటర్‌కు తొమ్మిదో బ్యాటర్ కంటే సగటున సుమారు ఒక్క అవకాశమే ఎక్కువ దక్కుతుంది. అంటే బలహీనమైన బ్యాటర్‌ను దాచిపెట్టే చోటు ఈ ఆటలో లేదు. నలుగురు బలహీనులైతే మీ ఔట్ల ఖాతాలో సగం వరకు వారి చేతుల్లోనే ఉంటుంది.

ఇంత చెప్పాక కూడా గెలవవచ్చునని ఎందుకు అంటున్నానంటే, ఆట ఫలితాన్ని నిర్ణయించేది బంతిని ఎన్నిసార్లు కొట్టామన్నది కాదు, ప్రత్యర్థి కంటే ఒక్క పరుగైనా ఎక్కువ చేశామా లేదా అన్నది. బ్యాటర్ మైదానంలోని మూడు బేస్‌లనూ వరుసగా దాటి, తాను బయలుదేరిన హోమ్‌కు తిరిగి చేరితే ఒక పరుగు. ఇవ్వకుండా ఆపిన పరుగు, చేసిన పరుగుతో సమానం. కొన్నిసార్లు అంతకంటే విలువైనది. దీనికి అమెరికన్ గణాంక పరిశీలకుడు బిల్ జేమ్స్ చెప్పిన ఒక సులభమైన లెక్క ఉంది. జట్టు చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం రెండింటి మొత్తంతో భాగిస్తే, ఆ జట్టు గెలిచే ఆటల నిష్పత్తి దాదాపుగా వస్తుంది. 162 ఆటల సీజన్‌లో ఒక జట్టు 800 పరుగులు చేసి 700 ఇచ్చిందనుకోండి. ఈ లెక్క ప్రకారం అది సుమారు 92 ఆటలు గెలవాలి. మరో జట్టు 600 పరుగులే చేసి 500 ఇచ్చిందనుకోండి. అది సుమారు 96 ఆటలు గెలవాలి. రెండు జట్లకూ తేడా 100 పరుగులే అయినా, తక్కువ కొట్టి తక్కువ ఇచ్చే జట్టుకే నాలుగు గెలుపులు ఎక్కువ. పరుగులు అరుదుగా వచ్చే ఆటలో ఒక్కో పరుగు బరువు పెరగడమే దీనికి కారణం.

ఇప్పుడు నిజంగా జరిగిన ఆటలకు వస్తాను. 1906లో చికాగో వైట్ సాక్స్ జట్టు బ్యాటింగ్ సగటు 0.230, అంటే ప్రతి వెయ్యి ప్రయత్నాలకు 230 హిట్లు (బ్యాటర్‌ను క్షేమంగా బేస్ చేర్చిన దెబ్బలు). అమెరికాలోని రెండు పెద్ద లీగ్‌లలో ఒకటైన ఎనిమిది జట్ల అమెరికన్ లీగ్‌లో అదే అన్నిటికంటే తక్కువ. సీజన్ మొత్తానికీ ఆ జట్టు కొట్టిన హోమ్ రన్లు (బ్యాటర్ ఒక్క దెబ్బతోనే బేస్‌లన్నీ చుట్టి హోమ్ చేరేవి) ఏడే. ‘హిట్‌లెస్ వండర్స్’ అన్న పేరు దానికి అలాగే పడింది. అయినా 93 ఆటలు గెలిచి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది. ఆ తర్వాత రెండు లీగ్‌ల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌లో, ఆ ఏడాది 116 ఆటలు గెలిచి 36 మాత్రమే ఓడిన చికాగో కబ్స్‌ను 4–2 తేడాతో ఓడించింది. ఎడ్ వాల్ష్, డాక్ వైట్, నిక్ ఆల్ట్‌రాక్ వంటి పిచర్లు ఆ జట్టుకు వెన్నెముక.

పిచర్ల మాట అందరూ చెబుతారు గానీ, నన్ను ఎక్కువగా ఆకట్టుకునే విషయం ఇంకొకటి ఉంది. హిట్లలో అట్టడుగున ఉన్న ఆ జట్టు, పరుగులలో మాత్రం లీగ్‌లో మూడో స్థానంలో ఉంది. ఎలాగంటే, ఆ బ్యాటర్లు తొందరపడి బ్యాట్ ఊపకుండా, చెడ్డ బంతులను వదిలేసి, లీగ్‌లో అందరికంటే ఎక్కువ వాక్‌లు (కొట్టకుండానే మొదటి బేస్‌కు వెళ్లే అవకాశాలు) సంపాదించారు. బంతిని కొట్టలేనివాడు కూడా నాలుగు బాల్స్‌ను, అంటే గురి తప్పిన బంతులను, ఓపికగా వదిలితే మొదటి బేస్ మీద నిలబడతాడు. అక్కడికి కొట్టి చేరాడా, కొట్టకుండా చేరాడా అన్నది స్కోరు బోర్డుకు పట్టదు. కరువు నేలలో మన పాలమూరు రైతు ఉన్న కాసిన్ని నీళ్లను ఒక్క చుక్క కూడా పక్కకు పోనివ్వకుండా చూసుకున్నట్టు, ఆ జట్టు తన 27 ఔట్లను చూసుకుంది.

1965 నాటి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ కథ కూడా ఇటువంటిదే. 78 హోమ్ రన్లతో ఆ జట్టు రెండో పెద్ద లీగ్ అయిన నేషనల్ లీగ్‌లో చివరన ఉంది. పిచర్లు మామూలుగా బాగా కొట్టలేరు, అలాంటిది పిచర్ అయిన డాన్ డ్రైస్‌డేల్ బ్యాటింగ్ సగటు ఆ ఏడాది 0.300కు చేరిందంటే, మిగతావారి బ్యాటింగ్ ఎంత సాధారణంగా ఉందో ఊహించవచ్చు. కానీ మారీ విల్స్ 94 బేస్‌లు దొంగిలించాడు (పిచర్ బంతి వేస్తుండగానే తరువాతి బేస్‌కు పరుగెత్తి చేరడం), పిచర్ శాండీ కోఫాక్స్ 382 మందిని స్ట్రైకౌట్ చేశాడు (మూడు స్ట్రైక్‌లు, అంటే కొట్టవలసిన మూడు బంతులు తప్పితే ఔట్). ఆ ఏడాది సెప్టెంబర్ 9న చికాగో కబ్స్‌పై కోఫాక్స్ ఒక్క బ్యాటర్‌ను కూడా బేస్ చేరనివ్వకుండా ఆడిన ఆటను డాడ్జర్స్ 1–0తో గెలిచింది. ఆ ఒక్క పరుగు ఎలా వచ్చిందో మీ పిల్లలకు తప్పక చెప్పండి. లూ జాన్సన్ వాక్‌తో మొదటి బేస్ చేరాడు. తరువాతి బ్యాటర్ బంట్ చేసి (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా దగ్గరలోనే పడేలా తాకించి) తాను ఔటై అతన్ని రెండో బేస్‌కు పంపాడు. జాన్సన్ మూడో బేస్ దొంగిలించాడు. అతన్ని ఔట్ చేయాలని క్యాచర్ విసిరిన బంతి గురి తప్పడంతో హోమ్‌కు పరుగెత్తాడు. హిట్ అన్నదే లేకుండా పరుగు వచ్చింది, ఆట గెలిచింది. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ కూడా డాడ్జర్స్‌దే.

పాఠశాల స్థాయిలో ఈ మార్గం పెద్దల ఆటలో కంటే ఎక్కువగా ఫలిస్తుందని నా అభిప్రాయం. పిల్లల ఆటలో ప్రత్యర్థి పిచర్‌కు గురి నిలకడగా ఉండదు, కాబట్టి ఓపిక ఉన్నవాడికి వాక్‌లు దొరుకుతాయి. ఫీల్డర్లు నేల మీద వచ్చే మామూలు బంతిని కూడా జారవిడుస్తారు, కాబట్టి మెల్లగా తగిలిన బంతి సైతం బ్యాటర్‌ను బేస్ చేరుస్తుంది. ఇదే మాట మీకూ వర్తిస్తుంది: బంతి పట్టడం రాని నలుగురు బలమైన బ్యాటర్లను మైదానంలో నిలిపితే, వారు బ్యాట్‌తో తెచ్చిన పరుగులను గ్లవ్స్‌తో తిరిగి ఇచ్చేస్తారు.

అందువల్ల నలుగురినీ మార్చవద్దు, అలాగని నలుగురినీ ఉంచవద్దు. క్యాచర్, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్), రెండో బేస్, సెంటర్ ఫీల్డ్: ఈ నాలుగు చోట్ల ఎవరు బంతిని బాగా పట్టుకుంటారన్నదే చూడండి, బ్యాటింగ్ తర్వాతి మాట. మొదటి బేస్, లెఫ్ట్ ఫీల్డ్, రైట్ ఫీల్డ్ దగ్గర మాత్రం కొట్టగలిగిన పిల్లలను పెట్టండి. అక్కడ బ్యాట్‌తోనూ గ్లవ్స్‌తోనూ సహాయం చేయలేనివాడిని నిలపడానికి కారణం కనిపించదు.

బ్యాటింగ్ వరుస గురించి మనం పడే తపనంత ప్రభావం దానికి ఉండదు. ఏ వరుసలో పంపినా సీజన్ మొత్తం మీద తేడా కొద్ది పరుగులే. అయినా ఒక సూత్రం పాటించండి. పరుగులు ఒకరి వెనుక ఒకరు బేస్ చేరినప్పుడే వస్తాయి, కాబట్టి బలమైనవారిని పక్కపక్కన ఉంచండి. మొదటి స్థానాన్ని వేగంగా పరుగెత్తేవాడికి కాక, ఎక్కువసార్లు బేస్ చేరేవాడికి ఇవ్వండి. బలహీనులను ఏడు, ఎనిమిది, తొమ్మిది స్థానాల్లో పెట్టండి. వారిలో ఓపికగా బంతిని వదలగలిగిన అబ్బాయిని తొమ్మిదిలో ఉంచితే, వరుస మళ్లీ మొదటికి వచ్చేసరికి బేస్ మీద ఒకరు ఉండే అవకాశం పెరుగుతుంది. బంట్‌ను పొదుపుగా వాడండి, ఎందుకంటే అది ఒక ఔట్‌ను చేజేతులా ఇచ్చేయడమే. మంచి బ్యాటర్ చేత చేయించకండి. బేస్ దొంగిలించడం కూడా నాలుగు ప్రయత్నాల్లో దాదాపు మూడు ఫలిస్తేనే లాభం.

ప్రశ్న: మంచి పిచర్ ఒక్కడుంటే చాలు, మిగతావారు ఎలా ఆడినా ఫర్వాలేదని మా ఊరి కుర్రవాళ్లు వాదిస్తున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: నిజం కాదు. 1968లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ పిచర్ బాబ్ గిబ్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.12 పరుగులే ఇచ్చాడు. అంత గొప్పగా వేసినా 22 ఆటలు గెలిచి తొమ్మిది ఓడాడు. తన జట్టు పరుగులు చేయని రోజున ఏ పిచర్ అయినా ఏం చేయగలడు? హిట్‌లెస్ వండర్స్ కూడా 1906 వరల్డ్ సిరీస్ చివరి రెండు ఆటలను 8–6, 8–3 స్కోర్లతో గెలిచింది, అవసరమైన రోజున కొట్టింది.

కొట్టడమే సర్వస్వమని వాదించేవారికి 1930 నాటి ఫిలడెల్ఫియా ఫిల్లీస్‌ను చూపించండి. జట్టు మొత్తం సగటు 0.315, చక్ క్లైన్ ఒక్కడే 40 హోమ్ రన్లు కొట్టాడు. పిచింగ్ బొత్తిగా లేక 102 ఆటలు ఓడి లీగ్‌లో చివరి స్థానంలో నిలిచింది.

మీ కుర్రవాళ్ల వాదనలో నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. కొట్టలేని జట్టు తన భారమంతా ఒక్క చేయి మీద వేస్తుంది. పైన చెప్పిన కోఫాక్స్ 1965 వరల్డ్ సిరీస్ చివరి ఆటను రెండే రోజుల విశ్రాంతితో ఆడి 2–0తో గెలిపించాడు. మరుసటి ఏడాదే, 30 ఏళ్ల వయసులో, మోచేతి కీలు వ్యాధి వల్ల ఆట వదిలేశాడు. ఎదుగుతున్న పిల్లవాడి మోచేయి, భుజం ఇంకా లేతగా ఉంటాయి. జిల్లా పోటీల్లో గెలవాలని ఒకే పిల్లవాడి చేత వరుసగా రోజూ వేయించడం ఎంత మాత్రం తగదు. రెండో పిచర్‌ను, వీలైతే మూడో పిచర్‌ను కూడా తయారుచేసుకోవాలి. నొప్పి అని పిల్లవాడు చెప్పిన క్షణమే అతన్ని ఆపాలి, స్కోరు ఎంతైనా సరే.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. షార్ట్‌స్టాప్‌గా బాగా ఆడతానని సార్ అంటారు. కానీ నా వంతు వస్తే మా వాళ్లే ‘ఔట్ వచ్చిండు’ అంటారు. ఆట మానేయాలనిపిస్తోంది. నా వల్ల జట్టుకు నష్టమేనా?
— ఒక విద్యార్థి, అచ్చంపేట

జవాబు: మానేయవద్దు, బాబూ. షార్ట్‌స్టాప్ వైపు వచ్చేన్ని బంతులు మైదానంలో చాలా చోట్లకు రావు. నువ్వు ఆపిన ప్రతి బంతీ ప్రత్యర్థికి పోయిన ఔట్. బాల్టిమోర్ ఓరియోల్స్ షార్ట్‌స్టాప్ మార్క్ బెలాంజర్ జీవితకాల సగటు 0.228 మాత్రమే, అయినా ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డును ఎనిమిది సార్లు అందుకున్నాడు, 1970లో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఆడాడు.

అయితే నీ బ్యాటింగ్ ఎలా ఉన్నా ఫర్వాలేదని చెప్పి నిన్ను మభ్యపెట్టను. 1968లో డెట్రాయిట్ టైగర్స్ షార్ట్‌స్టాప్ రే ఓయ్లర్ సగటు 0.135కు పడిపోయింది. అతను ఉండగానే జట్టు 103 ఆటలు గెలిచింది గానీ, వరల్డ్ సిరీస్ వచ్చేసరికి జట్టును నడిపించే మేనేజర్ మేయో స్మిత్ సెంటర్ ఫీల్డర్ మిక్కీ స్టాన్లీని షార్ట్‌స్టాప్‌కు మార్చి ఆడించాడు, సిరీస్ గెలిచాడు. ఎంత మంచి ఫీల్డర్‌కైనా బ్యాటింగ్‌లో ఒక కనీస స్థాయి ఉండాలి.

ఆ స్థాయిని దాటడం సాధనతో సాధ్యమే. ఓజీ స్మిత్ అనే షార్ట్‌స్టాప్ 1981లో 0.222 సగటుతో ఆడాడు. మరుసటి ఏడాది అతను చేరిన కార్డినల్స్ జట్టు, సీజన్ మొత్తానికి 67 హోమ్ రన్లే కొట్టి, 216 కొట్టిన మిల్వాకీ బ్రూవర్స్‌ను వరల్డ్ సిరీస్‌లో ఓడించింది. స్మిత్ 1987 నాటికి తన సగటును 0.303కు పెంచుకున్నాడు, అదీ ఆ ఏడాది ఒక్క హోమ్ రన్ కూడా లేకుండా. అతను బలం పెంచుకుని సిక్సర్ల వంటి దెబ్బలు కొట్టలేదు. బంతిని నేల మీదికి, ఫీల్డర్ల మధ్యకు పంపడం నేర్చుకున్నాడు.

నువ్వు ముందు చేయవలసింది కొట్టడం కాదు, చూడడం. సాధనలో మీ పిచర్ వేస్తుంటే బ్యాట్ భుజం మీదే ఉంచి నిలబడి, బంతి చేయి వదిలిన వెంటనే అది స్ట్రైకా (కొట్టవలసినదా), బాలా (వదిలేయవలసినదా) అని గట్టిగా చెప్పు. సరైందో కాదో క్యాచర్‌ను చెప్పమను. ఎక్కువసార్లు నీ మాట నిజమవుతున్నప్పుడు బ్యాట్‌ను హ్యాండిల్‌కు ఒక అంగుళం పైన పట్టుకుని, బలంగా ఊపకుండా, బంతికి తగిలించడం మొదలుపెట్టు. మూడో బేస్ ఫీల్డర్ వెనక్కి నిలబడ్డాడేమో గమనించి అటువైపు మెల్లగా బంట్ చేయడం కూడా నేర్చుకో. మీ సార్‌కు ఈ జవాబు చూపించి, రోజూ ఆట మొదలయ్యే ముందు నీకు కొద్దిసేపు బంతులు వేయించమని అడుగు.