యురేనియం టెట్రాఅయొడైడ్ సీసా మూత దగ్గర ఊదా మరకలు ఎందుకు?

యురేనియం టెట్రాఅయొడైడ్ (యూఐ4) సీసా ఆర్గాన్ అనే జడవాయువులోనే ఉన్నా మూత చుట్టూ ఊదా మరకలు వస్తున్నాయని, వ్యాక్యూమ్‌లో ఆరబెట్టినా మళ్లీ వస్తున్నాయని, ఎందుకని ఒకరు అడిగారు. ఆరబెట్టడమే ఇక్కడ కొంప ముంచుతోంది.

ఆ రంగు అయొడిన్‌ది. +4 ఆక్సీకరణ స్థితిలో ఉన్న యురేనియం తన పక్కనున్న అయొడైడ్ నుంచి ఎలక్ట్రాన్ లాక్కుని +3కి దిగుతుంది. అంటే రెండు యూఐ4 నుంచి రెండు యూఐ3 (ట్రైఅయొడైడ్), ఒక ఐ2 (అయొడిన్). ఫ్లోరైడ్ ఎలక్ట్రాన్ వదలదు కనుక యూఎఫ్6 (హెక్సాఫ్లోరైడ్) +6లో కూడా నిలబడుతుంది. యూసీఎల్6 (హెక్సాక్లోరైడ్) వేడి చేస్తే క్లోరిన్ వదిలేస్తుంది. అయొడైడ్ దగ్గరికొచ్చేసరికి +4కే గండం.

ఈ చర్య వెనక్కి కూడా నడుస్తుంది. మూసిన గొట్టంలో అయొడిన్ ఆవిరి పేరుకుంటే విచ్ఛిన్నం ఆగుతుంది. వ్యాక్యూమ్ పంపు తగిలిస్తే పుట్టిన అయొడిన్ పుట్టినట్టే బయటికి పోతుంది, మిగిలేది యూఐ3. వేడి కూడా తోడైతే చెప్పక్కర్లేదు.

యూఐ4, యూఐ3 రెండూ నల్లటివే, కంటితో తేలదు. తూచి చూడండి. 1 గ్రా. యూఐ4 పూర్తిగా విడిపోతే 170 మి.గ్రా. తగ్గుతుంది. కాబట్టి బరువు 5 శాతం పడిపోయిందంటే దాదాపు 30 శాతం సరుకు యూఐ3 అయిపోయినట్టే. తేమ తగిలిన నమూనాకు ఈ లెక్క పనికిరాదు. అప్పుడు ఘాటైన హైడ్రోజన్ అయొడైడ్ పొగ వస్తుంది, పొడి ఆకుపచ్చకు తిరుగుతుంది, గాలి కూడా తగిలితే యురేనిల్ (ఆక్సిజన్‌తో కలిసిన +6 యురేనియం) పసుపు కనిపిస్తుంది. ఖచ్చితంగా కావాలంటే పౌడర్ ఎక్స్-రే (పొడిలోని స్ఫటికాలను గుర్తించే పరీక్ష) తీయించండి.

నిల్వకు: ఖాళీ తక్కువుండే చిన్న గాజు ఆంప్యూళ్లలో, ఆర్గాన్ కింద, మంటతో సీలు చేసి చల్లగా ఉంచండి. లోహపు మూతల్ని అయొడిన్ తినేస్తుంది, గ్రీజు దాన్ని పీల్చుకుంటుంది. గ్లవ్‌బాక్స్‌లో (గాలి చొరబడని పని పెట్టెలో) సీసా తెరిచేటప్పుడు వాయువు సర్క్యులేషన్ ఆపండి, లేకపోతే అందులో ఆక్సిజన్‌ను తీసేసే కాపర్ క్యాటలిస్ట్ దెబ్బతింటుంది. (మన దేశంలో యురేనియం అణుశక్తి చట్టం పరిధిలోది. అనుమతి ఉన్న ల్యాబ్‌లోనే ఇదంతా.)

ఇక ద్రావణి. టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే వలయాకార ఈథర్) వద్దు. యూఐ4 దాని వలయాన్ని తెరిచేస్తుంది, తెరుచుకున్న ముక్క అయొడోబ్యూటాక్సైడ్‌గా యురేనియానికి అంటుకుంటుంది. పొడి యూఐ4తో కుస్తీ పట్టేకన్నా, 2011లో అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్ వాళ్లు ప్రచురించిన డయాక్సేన్ అడక్ట్‌తో (యూఐ4కి డయాక్సేన్ అనే ద్రావణి అణువులు అతుక్కున్న సమ్మేళనంతో) మొదలుపెట్టడమే నయం. ఒక్కో యూఐ4కి రెండు డయాక్సేన్‌లు ఉంటాయి, వేడికి బాగా తట్టుకుంటుంది.