అడుగంటిన జావ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. డెన్మార్క్ ఊబిలో చెడకుండా దొరికిన ప్రాచీన శవం, టోలుండ్ మనిషి మీద తెలుగులో కథ రాయాలని తోచడమే నాకు నచ్చింది. కానీ మొదటి పేజీలోనే పూజారి, కాగడాలు, ఉరుములు, కత్తి, గుండెలు బాదుకునే ప్రియురాలు, అందరూ దిగిపోయారు. అతనొక్కడే కనబడలేదు.

అన్నట్టు, ఆ కత్తి తీసెయ్యి. గొంతు కోసింది 1952లో ఆ దేశంలోనే మరో ఊబిలో దొరికిన గ్రౌబల్లె మనిషికి. నీవాడి మెడలో ఉన్నది పేనిన తోలు తాడు. ఇద్దరినీ కలిపేశావు.

మళ్లీ మొదటినుంచి చూడు. 1950 మే నెలలో, సిల్కెబోర్గ్ దగ్గర, ఒక కుటుంబం పొయ్యిలోకి పీట్ దిమ్మలు, అంటే ఊబిలో పేరుకున్న, ఎండితే మండే నాచుమట్టి, కోసుకుంటుంటే మనిషి ముఖం బయటపడింది. ఈమధ్య జరిగిన హత్యేమోనని పోలీసులకు చెప్పారు. అతను పోయి 2,400 ఏళ్లు! ఎందుకు పొరబడ్డారో తెలియాలంటే ముఖం దగ్గరికి వెళ్లాలి. తలకు గొర్రెతోలు టోపీ, మూసిన కళ్లు, చుబుకం మీద మాసిన గడ్డం. నువ్వు 'ప్రశాంత వదనం' అని ఒక్క ముక్కలో తేల్చేశావు.

శరీరం ఎలా నిలిచిందో కథలో రాయకపోయినా నీకు తెలిసి ఉండాలి. స్ఫాగ్నమ్ అనే నాచు ఏళ్ల తరబడి పేరుకుని పీట్ అవుతుంది. ఆ నీళ్లకు పులుపెక్కువ, చల్లదనమెక్కువ, ప్రాణవాయువు దాదాపు శూన్యం. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు అక్కడ పని సాగదు. మన దగ్గర తంగేడు చెక్క నీళ్లలో తోలు పదునెక్కినట్టే అక్కడ చర్మం పదునెక్కుతుంది. నువ్వు మురిసిపోయిన ఆ ఎర్రజుట్టుకు రంగు వేసింది కూడా ఊబే.

ఇక కడుపు సంగతి. బార్లీ, అవిసె గింజలు, కలుపు మొక్కల గింజలు, కాస్త చేప కలిపి కాచిన జావ. చనిపోవడానికి 12 నుంచి 24 గంటల ముందు తిన్నాడు. 2021లో మళ్లీ పరీక్షిస్తే అందులో మట్టికుండకు అడుగంటిన మాడు ముక్కలూ తేలాయి. అది చదివి పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. కాస్తున్నవాళ్లు కలపడం మరిచిపోయారో, మాటల్లో పడ్డారో. నీ ఉరుములన్నీ ఇచ్చేసి ఈ మాడు చెక్క ఒక్కటి తీసుకో.

నీ వయసులో నేనూ ఇదే తప్పు చేశాను. జర్మనీలోని విండెబీలో దొరికిన శరీరం పద్నాలుగేళ్ల పిల్లదని, తప్పు చేసిందని కళ్లకు గంతలు కట్టి ముంచేశారని ఎక్కడో చదివి, ఆరు పేజీల కవిత రాశాను. చదివిన ప్రతిచోటా కన్నీళ్లే. ఆ తర్వాత తేలిందేమిటంటే, ఆ పిల్ల పదహారేళ్ల అబ్బాయి. గంతలనుకున్నది జుట్టుకు కట్టుకున్న పట్టీ, కిందికి జారి ఉండవచ్చు. జబ్బు చేసి పోయాడేమో కూడా. ఆ కవిత అలమరలో అడుగున ఉంది. అడిగినా చూపించను.

సిల్కెబోర్గ్ మ్యూజియంలో అతణ్ణి చూస్తే తల మాత్రమే అసలుదని, తక్కినదంతా తర్వాత చేసిన నమూనా అని గుర్తుంచుకో. నీ కథలో ప్రియురాలు తాకే భుజం ఆ నమూనాదే!

ఈసారి పొయ్యి దగ్గర మొదలుపెట్టు. దసరాకు ఊరు వెళ్తున్నాను, ఆలోపే పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండాలి, నా కళ్లద్దాలు మార్చలేదు.